కాన్పు తర్వాత రక్తస్రావం: కొత్త నర్సులకు ఎలా నేర్పాలి?

ప్రశ్న: ఆదోని దగ్గర పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. పోయిన నెల ఒకమ్మాయికి కాన్పయ్యాక రక్తం తక్కువే పోయిందనుకున్నాం. కింద గుడ్డ ఎత్తితే తడిసి ముద్దయి, చేతికి బరువుగా వచ్చింది. 108లో కర్నూలు పంపాం, బతికింది. నాకింకా నిద్ర పట్టట్లేదు. కొత్తగా చేరిన ఇద్దరికి ఏది ముందు నేర్పాలి?

జవాబు: కొలవడం అక్కా. కంటి అంచనా చాలాసార్లు తక్కువే చెప్తుంది. మేం అనంతపురంలో అర లీటరు ఎర్రనీళ్లు పాత చీర మీద పోసి ఎంతుందో చెప్పమన్నాం. ఇద్దరు 200 మిల్లీలీటర్లన్నారు! కాన్పప్పుడు కింద పరిచే, కొలత గీతలున్న షీటు దొరికితే ఇంకా మేలు.

జవాబు: కొలిచాక రక్తం ఎక్కువ పోతోందని తేలితే చికిత్స అంతా ఒకేసారి మొదలవ్వాలమ్మా. గర్భసంచి గట్టిపడేదాకా రుద్దడం, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తం కారడం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము, సెలైన్, కాన్పు దారిలో చిరుగులు చూడడం. ఒకటి పనిచేయలేదని తేలేదాకా ఆగి ఇంకోటి చేస్తే చేయిజారుతుంది. ఆఫ్రికాలోని 4 దేశాల్లో ఇలా కొలిచి, అంతా కలిపి చేస్తే తీవ్ర రక్తస్రావం సుమారు 60 శాతం తగ్గిందని 2023లో తేలింది. ట్రానెక్సామిక్ కాన్పైన 3 గంటల్లోపే ఇవ్వాలి.

ప్రశ్న అడిగినావిడ: రేపే పాత చీర తీసుకెళ్తా. ఆక్సిటోసిన్ పెట్టే ఫ్రిజ్ కరెంటు పోయినప్పుడల్లా ఆగుతోంది, ముందు దాని సంగతి డాక్టరు గారితో మాట్లాడాలి.