చర్చిలో ఆర్గన్, క్వయర్ పని నమ్ముకుని బతకొచ్చా?

అందరికీ నమస్కారమండీ. మాది విజయనగరం. పన్నెండేళ్లుగా మా చర్చిలో ఆదివారం ఆరాధనకి కీబోర్డు వాయిస్తున్నాను, ఈ మధ్య క్వయర్ (పాటలు పాడే బృందం) కూడా నా మీదే పడింది. సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని పై గొంతు నుంచి కింది గొంతు దాకా నాలుగుగా విడదీసి వారమంతా నేర్పుతానా, తీరా పాట ఎత్తుకోగానే టెనర్ వాళ్లు మెల్లగా సోప్రానోలోకి జారిపోతారు, నేను ఎడమ చేత్తో తాళం చూపిస్తూ కుడి చేత్తో వాళ్ల స్వరాలు గట్టిగా నొక్కి వెనక్కి లాక్కొస్తుంటాను. జీతమా? క్రిస్మస్‌కి ఒక జత బట్టలు.

ఇదే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. ట్రినిటీ కాలేజ్ లండన్ కీబోర్డు గ్రేడ్ 5 పరీక్ష అయింది. కానీ పైప్ ఆర్గన్‌కి (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాద్యం) కాళ్లతో వాయించే మెట్లే 30 దాకా ఉంటాయి కదా, నా 61 మెట్ల కీబోర్డు మీద అవి ఎలా సాధన చెయ్యను? ఊళ్లో 1919 నాటి సంగీత కళాశాల ఉంది గానీ అక్కడ కర్ణాటక సంగీతమే.

విశాఖలోనో చెన్నైలోనో ఆర్గన్ నేర్పేవాళ్లు ఉన్నారా? స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేస్తూ క్వయర్ నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే నెలకి ఎంత మిగులుతుందో దాచకుండా చెప్పండి. ఇంట్లో గ్రూప్-2 రాయమని ఒకటే పోరు.