జపనీస్ పాటలు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏడుపెందుకొస్తోంది?

హిమబిందు_వింటోంది:
అందరికీ హాయ్. ఇక్కడ జేపాప్, అంటే జపాన్ పాప్ పాటలు, వినేవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నా. నేను అనిమే, అదే జపాన్ కార్టూన్ సీరియల్స్, వల్ల ఈ పాటల్లోకొచ్చా, ముందు ఓపెనింగ్ పాటలు ఎండింగ్ పాటలే వినేదాన్ని, తర్వాత యూట్యూబ్ ఒకదాని వెనక ఒకటి చూపిస్తూ పోయింది, అలా కెన్షి యొనెజు పాడిన లెమన్ దగ్గరికొచ్చి ఆగిపోయా. ఒక్క మాట తెలీదు, అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత అర్థం వెతికితే అది పోయిన మనిషిని తల్చుకుంటూ పాడే పాట. ఇది కలైతే ఎంత బావుండేదో అని మొదలుపెడతాడు, మర్చిపోయిన వస్తువు కోసం ఇంటికి వెనక్కెళ్ళినట్టు పాత జ్ఞాపకాల మీద దుమ్ము దులుపుతున్నా అంటాడు. 2018లో అన్‌నాచురల్ అని ఒక టీవీ డ్రామా కోసం చేసిన పాటట అది, ఎలా చనిపోయారో తెలీని శవాలకి పరీక్షలు చేసే డాక్టర్ల కథ, పాట రాస్తున్న రోజుల్లోనే ఆయన తాతగారు పోయారని చదివా.

మా అన్నయ్యేమో ట్యూన్ బాధగా ఉంటే ఏ భాషైనా ఏడిపిస్తుంది అందులో జపాన్ గొప్పేముంది అంటాడు. నాకలా అనిపించట్లేదు. గుండెలు పిండే పాటలు మనకీ బోలెడున్నాయి, కానీ వీటిలో పాడేవాళ్ళు ఏడవట్లేదు, వినే నేను ఏడుస్తున్నా. ఎందుకిలా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్, ఇంకా వినాల్సినవి ఉంటే అవీ చెప్పండి.

గోదారిగట్టు:
పాడేవాళ్ళు ఏడవట్లేదు అన్నారు చూడండి, నా మటుకు అసలు కిటుకంతా అక్కడే ఉందండి. వీటిలో చాలా పాటల్లో మనిషి ఏడుపు ఆపుకుంటూ ఉంటాడు. క్యూ సకమోతో 1961లో పాడిన ఉఎ ఓ ముయితె అరుకో వినండి. కన్నీళ్ళు కిందికి జారకుండా తలెత్తి నడుస్తున్నా అంటాడు, అంతే పాట. ట్యూనేమో హుషారుగా నడకలా సాగిపోతుంది, మధ్యలో ఈల కూడా వేస్తాడు. మాటలు రాసిన రోకుసుకె ఎయి 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన ఉద్యమంలో ఉన్నవాడు, అది ఓడిపోయాక మిగిలిన దిగులు ఇందులోకొచ్చింది అంటారు, కానీ పాటలో ఉద్యమం ఊసే ఉండదు కాబట్టి ఎవరి బాధ వాళ్ళు అందులో పెట్టుకోవచ్చు. 1963లో అమెరికాలో అసలు సంబంధమే లేని సుకియాకి అనే వంటకం పేరు తగిలించి రిలీజ్ చేస్తే భాష రానివాళ్ళు కొని 3 వారాలు నంబర్ వన్‌లో కూర్చోబెట్టారు. మీకొచ్చిన సందేహం వాళ్ళకీ వచ్చే ఉంటుంది.

ఇంకోటి, ఇది తప్పకుండా వినాలి, కానా ఉఎమురా పాడిన తొయిరె నో కమిసమ, 2010. దాదాపు 10 నిమిషాలుంటుంది, ఓపిగ్గా అర్థం పక్కన పెట్టుకుని వినండి. అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల, అన్ని పనుల్లో సాయం చేస్తుంది గానీ టాయిలెట్ కడగడం మాత్రం ఒళ్ళొంగదు, అప్పుడు అమ్మమ్మ అందులో అందమైన దేవత ఉంటుందే, రోజూ శుభ్రం చేస్తే నువ్వూ ఆవిడంత అందంగా అవుతావు అని చెప్తుంది. ఇద్దరూ కలిసి బజారుకెళ్ళడం, బాతు మాంసం వేసిన నూడుల్స్ తినడం, టీవీలో కామెడీ షో రికార్డు చెయ్యడం మర్చిపోయిందని అమ్మమ్మ మీద ఏడ్చి గొడవ చెయ్యడం, అన్నీ ఇలాంటివే. పెద్దయ్యాక పోట్లాటలు, ఇంట్లో ఉండబుద్ధి కాకపోవడం, తర్వాత టోక్యో వెళ్ళిపోతుంది. అమ్మమ్మ ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికొస్తుంది, కాసేపు మాట్లాడగానే ఇంక వెళ్ళు అని పంపించేస్తుంది ఆవిడ, మర్నాడు పొద్దున్న పోతుంది, ఈ పిల్ల వచ్చేదాకా ఆగినట్టు. ఇంత కథలోనూ నా గుండె పగిలింది అనే మాట ఎక్కడా రాదు. ఆ కామెడీ షో గొడవ దగ్గర నాకు ప్రతిసారీ కళ్ళు తడుస్తాయి, ఎందుకంటే మా అమ్మమ్మతో నేను వేసుకున్న పోట్లాటలన్నీ సరిగ్గా ఆ సైజువే.

మూడోస్థాయి_కీబోర్డ్:
గోదారిగట్టు గారు చెప్పింది బావుంది కానీ జపాన్ వాళ్ళంటే ఏడుపు దిగమింగుకునే జనం అని తేల్చెయ్యకండి దయచేసి. ఎన్‌కా అని వాళ్ళకి పాత తరహా పాటలున్నాయి, ఓడరేవులు, మందు, వదిలేసిపోయిన ప్రియుడు, గొంతు వణికించి మరీ బాహాటంగా ఏడుస్తారు. ఆపుకోవడం అనేది ఒక రకం పాటల్లో ఎంచుకున్న పద్ధతి, జాతి లక్షణం కాదు.

అన్నయ్య మాట కూడా పూర్తిగా కొట్టిపారెయ్యలేం, ట్యూన్‌లో పని ఉంది. జేపాప్‌లో ఒక కార్డ్స్ (కలిపి వాయించే స్వరాల గుంపులు) వరస మళ్ళీమళ్ళీ వినిపిస్తుంది, వాళ్ళు దాన్ని ఓదో షింకో అంటారు, సి స్వరం ఆధారంగా ఉండే సి మేజర్‌లో అయితే ఎఫ్, జి, ఇ మైనర్, ఎ మైనర్. కీబోర్డ్ ఉంటే వాయించి చూడండి. జి తర్వాత చెవి సి కోసం ఎదురుచూస్తుంది, ఇంటికి చేరిపోయాం అనుకుంటాం, అక్కడ ఇ మైనర్ పడుతుంది, ఆ ఒక్క క్షణంలో లోపల ఏదో జారినట్టుంటుంది, మళ్ళీ ఎఫ్ నుంచి మొదలు. పాట ముందుకి పోతూనే ఉంటుంది కానీ ఎక్కడా కూర్చోనివ్వదు. మొత్తం దిగులు ట్యూన్ కాదది, ఆశపడ్డది అందకపోవడం. దానికితోడు చాలా పాటల్లో చివరి కోరస్ దగ్గర స్వరం అమాంతం పైకి లేపుతారు, అప్పటిదాకా తట్టుకున్నవాళ్ళు అక్కడ దొరికిపోతారు. ఇంకో చిన్న సంగతి, జపనీస్ మాటలు దాదాపుగా అన్నీ అచ్చుతోనో న్ తోనో ముగుస్తాయి కాబట్టి మన చెవికి త్వరగా పట్టుబడతాయి, అర్థం తెలీకుండానే మనం కూడా కూనిరాగం తీసేస్తాం.

సెండాయ్_తెలుగమ్మాయి:
నేను జపాన్‌లోనే సెండాయ్ అనే ఊళ్ళో ఉంటున్నా కాబట్టి ఒకటి చెప్తాను, వీళ్ళకి పాటలు స్కూల్ నుంచే జీవితానికి అతుక్కుపోతాయి. మార్చిలో స్కూళ్ళు అయిపోతాయి, ఏప్రిల్‌లో కొత్తవి మొదలు, సరిగ్గా ఆ మధ్యలో సకురా (చెర్రీ) పూలు, అందుకే వీడ్కోలు పాటల్లో ఆ పూలు అన్నేసి సార్లు వస్తాయి, గ్రాడ్యుయేషన్ రోజు క్లాసంతా నిలబడి కోరస్‌గా పాడతారు.

ఏంజెలా అకి పాట తెగమి విన్నారా? 2008లో ఎన్‌హెచ్‌కే అనే జపాన్ టీవీ, రేడియో సంస్థ వాళ్ళు స్కూల్ పిల్లలకి పెట్టే కోరస్ పోటీ కోసం చేసింది. 15 ఏళ్ళ పిల్లాడు పెద్దయ్యాక ఉండబోయే తనకే ఉత్తరం రాస్తాడు, ఓడిపోయేలా ఉన్నా, ఏడ్చేసేలా ఉన్నా, మాయమైపోయేలా ఉన్నా, ఎవరి మాట నమ్మి నడవాలి అని అడుగుతాడు. తర్వాత పెద్దయినవాడు జవాబు రాస్తాడు. అదే ట్యూన్, దాదాపు అవే మాటలు, ఓడిపోకు, ఏడవకు, మాయమైపోతానేమో అనిపించినప్పుడు నీ గొంతునే నమ్ముకుని నడువు అని. పైగా నేను పెద్దయ్యాక కూడా దెబ్బలు తగిలి నిద్రపట్టని రాత్రులున్నాయి అని ఒప్పుకుంటాడు, అన్నీ సర్దుకుంటాయి అని అబద్ధం చెప్పడు. అందుకే పిల్లలు నమ్ముతారు ఆ పాటని.

ఇక హానా వా సాకు, అంటే పూలు పూస్తాయి, అనే ఇంకో పాట గురించి. 2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత 2012లో వచ్చింది. మాటలు షుంజి ఇవాయి, ట్యూన్ యోకో కన్నో, ఇద్దరూ ఈ సెండాయ్ వాళ్ళే. బతికినవాళ్ళు పోయినవాళ్ళని తల్చుకునే పాట అనుకుంటాం మొదట. కాదు, పోయినవాళ్ళే పాడుతున్నట్టు రాశారు. నేనేం మిగిల్చి వెళ్ళానో అని తమని తాము అడుగుతూ, ఇంకా పుట్టని పిల్లల కోసం పూలు పూస్తాయి అంటారు. అది తెలిసి విన్నాక మొదటి లైన్ నుంచే వేరే పాటలా ఉంటుంది. ఇక్కడ మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళ పక్కన నిలబడి విన్నా ఈ పాట, ట్యూన్ వల్లే ఏడుపొస్తుందంటే నేనైతే ఒప్పుకోను.

మూడోస్థాయి_కీబోర్డ్:
ట్యూన్ వల్లే అనలేదండి, ట్యూన్ వల్ల కూడా అన్నా. తెగమి గురించి మీరు చెప్పింది మాత్రం చాలా బావుంది, ప్రశ్న వచ్చిన ట్యూన్ మీదే జవాబు కూడా రావడం వల్లే అది తగుల్తుంది, ఇక్కడ మాటనీ ట్యూన్‌నీ విడదీయలేం.

హిమబిందు_వింటోంది:
అందరికీ చాలా చాలా థాంక్సండీ. తొయిరె నో కమిసమ అర్థం పక్కన పెట్టుకుని ఇప్పుడే విన్నా, ఇంక వెళ్ళు అని పంపించేసే చోట ఆపేసి కాసేపయ్యాక మళ్ళీ పెట్టాల్సొచ్చింది. మా అమ్మకి కూడా వినిపించాలనుంది, మామయ్య పోయిన దగ్గర్నుంచి ఆవిడ పాటలు వినడమే మానేసింది. అంత పెద్ద కథ వద్దు, నెమ్మదిగా ఉండేది ఏదైనా ఉందా?

గోదారిగట్టు:
అమ్మగారికైతే నద సోసో వినిపించండి, రిమి నత్సుకవా పాడింది, 2001. మాటలు ర్యోకో మొరియమ రాసింది, చిన్న వయసులో పోయిన వాళ్ళ అన్నయ్య మీద, ట్యూన్ ఒకినావా బ్యాండ్ బిగిన్ వాళ్ళది. పాత ఆల్బమ్ తిరగేస్తూ థాంక్స్ అని గొణుక్కోవడంతో మొదలవుతుంది. అన్నయ్య అనే మాట పాటలో రాదు, ఎవరికైనా సరిపోతుంది, కానీ ఎవరి మీద రాసిందో అమ్మగారికి ముందే చెప్పండి, తోడబుట్టినవాడి కోసం ఒకావిడ రాసుకున్న పాట అని తెలిస్తే వినాలనిపించొచ్చు. ఇష్టం లేదంటే బలవంతం చెయ్యకండి, ఇంకెప్పుడైనా వింటారు.