ఇంజను అదే అయినప్పుడు వై-20 అంత బరువు ఎలా ఎత్తుతుంది?

కరీంనగర్ కుర్రాడు అడిగిన ప్రశ్న:

పోటీ పరీక్షల కోసం సైనిక రవాణా విమానాల పట్టిక రాసుకుంటున్నాను. ఒక గడి దగ్గర ఆగిపోయాను. చైనా వై-20 తొలి రకానికి ఉన్నవి రష్యా డి-30కేపీ-2 ఇంజన్లు నాలుగు. రష్యా రవాణా విమానం ఐఎల్-76కు ఉన్నవీ ఆ కుటుంబానివే, ఒక్కొక్కటి 12 టన్నుల థ్రస్ట్ (ముందుకు తోసే బలం). ఐఎల్-76 మోసేది 47 నుంచి 50 టన్నులు. వై-20 మాత్రం 66 టన్నులట! అవే ఎద్దులను కట్టి, బండి మీద మూడో వంతు బస్తాలు ఎక్కువ వేస్తే కదులుతుందా? 66 తప్పా, నా అవగాహన తప్పా?

చెన్నపట్నం శ్రీను:

ఇందులో వింత ఏముంది? అమెరికా సీ-17ను చూసి అచ్చు దింపారు. ఆ విమానం సమాచారం దొంగిలించే కుట్రలో ఉన్నానని సు బిన్ అనే చైనా వ్యాపారి 2016లో అమెరికా కోర్టులోనే ఒప్పుకున్నాడు. సీ-17 మోసేది 77 టన్నులు, నకలు కాబట్టి 66. అంతే.

విశ్రాంత లోడ్‌మాస్టర్, విజయనగరం:

శ్రీను గారూ, దొంగతనం నిజమే. కానీ కొట్టేసిన కాగితాలతో విమానం లేచేటట్లయితే వాళ్లు ముందు ఇంజను కొట్టేసేవారు. వై-20 మొదటిసారి ఎగిరింది 2013 జనవరి 26న, రష్యా ఇంజన్లతోనే. పైన రెక్క, తోక మీద అడ్డకర్ర, వెనక సరుకు ఎక్కించే ర్యాంప్ ఉన్న ప్రతి విమానమూ దూరం నుంచి సీ-17లాగే కనిపిస్తుంది. బరువైన సరుకు మోయాలంటే ఆ ఆకారానికే రావాలి.

ఇక బాబూ, నీ ప్రశ్న. నేను వాయుసేనలో పదకొండేళ్లు ఐఎల్-76 మీద లోడ్‌మాస్టర్‌గా, అంటే సరుకు ఎక్కించి దింపించేవాడిగా పనిచేశాను. బరువు కంటే ముందు వెడల్పు మాట్లాడుకుందాం, ఎందుకంటే మమ్మల్ని ఏడిపించింది అదే. ఐఎల్-76 కార్గో గది వెడల్పు 3.45 మీటర్లు. టీ-72 ట్యాంకు పక్కరేకులు తీసేసినా, ట్రాకుల అంచుల మధ్య 3.37 మీటర్లు ఉంటుంది. అంటే అటూ ఇటూ రెండు వేళ్ల సందు. ట్యాంకు ర్యాంప్ ఎక్కుతుంటే డ్రైవరుకు ఏమీ కనిపించదు. ఎదురుగా నిలబడి చేతులతో సైగలు చేసేవాడే అతడికి కళ్లు. ఆ నిలబడేవాణ్ని నేను. ఒకసారి ట్రాకు గోడకు రాసుకున్న చప్పుడు విన్నాక ఆ రాత్రి అన్నం సహించలేదు.

చైనా టైప్-99ఏ ట్యాంకు వెడల్పు సుమారు 3.7 మీటర్లు, బరువు 55 టన్నుల దాకా. అది ఐఎల్-76లో పట్టదు, పట్టినా లేవదు. అందుకే వాళ్లు పొడవు జోలికి పోకుండా గదిని వెడల్పు చేశారు. వై-20 పొడవు 47 మీటర్లు, ఐఎల్-76ది 46.6. దాదాపు ఒకటే. కడుపు మాత్రం లావు. చైనా అభిమానులు దాన్ని పాంగ్‌నియు, అంటే బొద్దుపిల్ల అని పిలుస్తారు. అధికారికంగా పెట్టిన కున్‌పెంగ్ అనే మహాపక్షి పేరు కంటే నాకు అదే నచ్చింది.

అసలు సొంతంగా కట్టుకోవాలన్న పట్టుదల ఎక్కడిదో కూడా చెప్పాలి. 2005లో 34 ఐఎల్-76లు, 4 ఇంధన ట్యాంకర్ విమానాలు కొంటామని రష్యాతో ఒప్పందం చేసుకున్నారు. అవి తయారు కావలసింది ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్ కర్మాగారంలో. అది చేయలేకపోయింది, ఒప్పందం అటకెక్కింది. 2008 మే 12న సిచువాన్‌లో భూకంపం వచ్చినప్పుడు పెద్ద రవాణా విమానాలు ఎంత తక్కువున్నాయో అందరికీ తెలిసింది. రెండు రోజుల తరువాత 15 మంది పారాట్రూపర్లు దాదాపు 5,000 మీటర్ల ఎత్తు నుంచి, కింద ఏముందో తెలియకుండా మావోషియన్ అనే భూకంప ప్రాంతంలోకి దూకారు. దారులన్నీ మూసుకుపోయాయి మరి.

ఇప్పుడు 66. టేకాఫ్ బరువులో టన్నుకు ఎన్ని కిలోల థ్రస్ట్ దక్కుతుందో నీ పట్టికలో ఇంకో గడి కట్టి చూడు. ఐఎల్-76: 190 టన్నులకు నాలుగు ఇంజన్లూ కలిపి 48 టన్నుల థ్రస్ట్, అంటే టన్నుకు సుమారు 253 కిలోలు. సీ-17: 265 టన్నులకు దాదాపు 73, అంటే 277. వై-20 గరిష్ఠ బరువు 220 అంటారు. పాత ఇంజన్లతో దానికి దక్కేది 218 మాత్రమే. పోల్చి చూస్తే బాగా నీరసం. ఇప్పుడు 220 బదులు ఐఎల్-76లాగే 190తో లేచిందనుకో. ఖాళీ విమానం సుమారు 100 టన్నులు అంటారు, సరుకు 66, మిగిలింది 24 టన్నుల ఇంధనం. మా విమానం గంటకు 8, 9 టన్నులు తాగేది. అంటే మూడు గంటల లోపే, అందులో మళ్లీ అత్యవసరానికి దాచే ఇంధనం తీసెయ్యాలి. నీ ఎద్దుల అనుమానం సరైనదే. 66 అబద్ధమని నేను అనను. ఆ అంకె పక్కన ఎంత దూరం అన్నది రాయకపోతే దానికి అర్థం లేదంటాను.

ఈ లోటు తీర్చడానికే డబ్ల్యూఎస్-20 ఇంజను వచ్చింది. ఒక్కొక్కటి సుమారు 14 టన్నులు. 220కి 56, అంటే టన్నుకు 254. చూశావా, అచ్చం ఐఎల్-76 ఉన్న చోటికి వచ్చి ఆగింది! డి-30 సన్నగా పొడుగ్గా ఉంటుంది, తక్కువ గాలిని చాలా వేగంగా వెనక్కి తోస్తుంది, ఇంధనం మింగుతుంది. కొత్తది పొట్టిగా లావుగా ఉంటుంది, ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తుంది, పొదుపు. ఫొటోలో ఇంజను డబ్బాలా కనిపిస్తే అది వై-20బీ.

కరీంనగర్ కుర్రాడు:

గురువుగారూ, చాలా కృతజ్ఞతలు. మరి టిబెట్‌లో ఎలా? అక్కడి విమానాశ్రయాలు చాలా ఎత్తులో ఉన్నాయి కదా.

విశ్రాంత లోడ్‌మాస్టర్, విజయనగరం:

అక్కడ పాంగ్‌నియుకూ మా గజరాజ్‌కూ (మన వాయుసేనలో ఐఎల్-76 పేరు) ఒకటే కష్టం. మన లేహ్ 3,256 మీటర్లు. అటువైపు టిబెట్‌లోని న్గారి గున్సా విమానాశ్రయం 4,274 మీటర్లు, అక్కడ గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఇంజనుకూ గాలి చాలదు, రెక్కకూ చాలదు. అందుకే దింపి రావడం వేరు, నింపుకొని లేవడం వేరు. లేహ్‌లో మేం పొద్దున్నే చల్లదనం ఉండగా దిగి, సరుకు దింపి, ఎండెక్కకముందే తేలిగ్గా లేచేవాళ్లం. మధ్యాహ్నం దాకా ఎవరైనా ఆలస్యం చేస్తే కమాండర్ ముఖం చూడలేకపోయేవాళ్లం. వాళ్లూ ఇదే చెయ్యాలి, వేరే దారి లేదు. ఇంజను మార్చుకుంటే కొంత తెరిపి, అంతే.

నన్ను అసలు ఆలోచింపజేసేది ఇంకొకటి. 2020 ఫిబ్రవరి 13న కొవిడ్ సమయంలో వూహాన్‌లో ఆరు వై-20లు దిగాయి. 2022 ఏప్రిల్‌లో ఆరు వై-20లు క్షిపణులు మోసుకుని సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ వెళ్లాయి. ఒక్కసారిగా అరడజను విమానాలు, సిబ్బంది, విడిభాగాలు అన్నీ సిద్ధంగా ఉండాలి కదా. సీ-17 తయారీ 2015లోనే ఆగిపోయింది, మన దగ్గరున్నవి 11. వై-20లు తయారయ్యే షియాన్‌లో బొద్దుపిల్లలు ఇంకా పుడుతూనే ఉన్నాయి. వాటిలోనే వైవై-20 అనే గాలిలో ఇంధనం నింపే రకం కూడా ఉంది.

చెన్నపట్నం శ్రీను:

నకలు మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

కరీంనగర్ కుర్రాడు:

పట్టికలో 66 కొట్టేసి, దూరం, ఎత్తు అని రెండు గడులు కలిపాను.

విశ్రాంత లోడ్‌మాస్టర్, విజయనగరం:

నీ పట్టికలో కొట్టెయ్యి బాబూ. పరీక్షలో మాత్రం 66 అనే రాయి. దిద్దేవాడు ఎప్పుడూ ర్యాంప్ దగ్గర నిలబడి ఉండడు.