బీట్స్ ఆఫ్ రేజ్ మాడ్‌లు (అభిమానులు మార్చి చేసే ఆటలు) ఇంకా పాత కన్సోల్ కొలతల్లోనే చేయాలా?

పాతప్యాడ్: 2003లో సెనైల్ టీమ్ ఉచితంగా వదిలిన ఈ కొట్లాట ఆట డాస్‌లో మొదలై డ్రీమ్‌కాస్ట్, పీఎస్2, ఎక్స్‌బాక్స్‌ల దాకా పాకింది. దాని ఇంజనే (ఆటని నడిపే ప్రోగ్రామ్) తర్వాత ఓపెన్‌బోర్ అయింది. ఇప్పుడొచ్చే మాడ్‌లు చాలావరకు ఆ పెట్టెల్లో ఆడవు. మరి దాని వారసత్వం ఏం మిగిలినట్టు?

లైన్‌బఫర్: వారసత్వం ఇంజన్‌ది, పెట్టెది కాదు. డ్రీమ్‌కాస్ట్ ప్రధాన మెమరీ 16 ఎంబీ. 256 రంగుల 100×120 ఫ్రేమ్ (కదలికలో ఒక బొమ్మ) ఒక్కటే 12,000 బైట్లు. పాత్రకి 60 ఫ్రేములు, 20 పాత్రలు అంటే 14.4 ఎంబీ. పారదర్శక భాగం పోగా కొంత తగ్గినా, నేపథ్యాలు, శబ్దాలు ఎక్కడ పెట్టాలి?

పాతప్యాడ్: ఆ 20 మందినీ ఒకేసారి ఎక్కించడం దేనికి బ్రో? మోడల్స్ ఫైల్లో (పాత్రలు, వస్తువుల జాబితా) ‘లోడ్’ అని రాస్తే ఆట మొదలవగానే మెమరీలోకి వచ్చి కూర్చుంటాయి. ‘నో’ (తెలుసు అనే అర్థంలోది) అని రాస్తే ఇంజన్ పేరు మాత్రమే గుర్తుపెట్టుకుని, ఆ దశకి కావలసినవే తెస్తుంది. హీరోలకీ, అన్ని దశల్లో వచ్చే వస్తువులకీ మాత్రమే ‘లోడ్’ చాలు. ఒక జాగ్రత్త: శత్రువు విసిరే కత్తిని ఆ శత్రువు ఫైల్లోనే ‘లోడ్’ చేయాలి. మరిచిపోతే కత్తి విసిరే క్షణంలో ఆట మూతపడొచ్చు. చాలామంది దీన్ని మెమరీ చాలకపోవడం అనుకుని బొమ్మలు కత్తిరిస్తారు, తప్పు అక్కడ ఉండదు.

లైన్‌బఫర్: ఎక్స్‌బాక్స్‌లో 64 ఎంబీని 128 చేసుకోవచ్చుగా?

టంకం: చేయొచ్చు, కానీ అతికించాల్సింది నాలుగు మెమరీ చిప్‌లు, ఒక్కోదానికి 100 కాళ్లు. పక్కపక్క కాళ్లు టంకంతో అతుక్కుంటే కన్సోల్ లేవదు. 1.6 రకం ఎక్స్‌బాక్స్ బోర్డులో ఆ చిప్‌లు పెట్టే ఖాళీ చోట్లే లేవు. పైగా 128 ఎంబీని గుర్తించే బయోస్ (కన్సోల్‌ని లేపే ప్రోగ్రామ్) కావాలి. ఒక మాడ్ కోసం అంత శ్రమ అడగడం న్యాయం కాదు. ఇంకోటి, ఎక్స్‌బాక్స్ హార్డ్ డిస్క్‌లో ఫైల్ పేరు 42 అక్షరాలు దాటకూడదు. మాడ్ ఉండే .pak ఫైళ్ల పొడవాటి పేర్లు ఎఫ్‌టీపీలో (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపేటప్పుడు) అక్కడే తన్నేస్తాయి. ముందు పేరు కుదించండి.

డ్రీమ్‌కాస్ట్ సీడీకైతే ప్రోగ్రామ్ ఫైల్‌ని స్క్రాంబుల్ చేశాకే (లోపలి బైట్ల వరుస మార్చాకే) డిస్క్ రాయాలి. లేకపోతే సెగా లోగో దాటాక ఆట మొదలవదు.

లైన్‌బఫర్: ‘నో’ పద్ధతి సరే, మెమరీ విషయంలో మీ మాటే నిజం. రంగుల దగ్గర మాత్రం తగ్గను. 8-బిట్ మోడ్‌లో అన్ని పాత్రలూ, నేపథ్యాలూ కలిసి ఒకే 256 రంగుల పట్టికని పంచుకోవాలి. చర్మం ఛాయలకే 30 పోతే, రాత్రి ఆకాశానికి మిగిలేదెంత?

పాతప్యాడ్: మొదటి ఆట ఆ పట్టికతోనే నిలబడింది. ఆకాశానికి 12 ఇచ్చి చూడండి.