మిషన్లు లేని రోజుల్లో కిక్కిరిసిన సిటీ బస్సులో టికెట్లు ఎలా కొట్టేవారు?

ఎర్రగడ్డవాసి అడిగారు:

కాలేజీ రోజుల్లో ఎర్రగడ్డ నుంచి కోఠీకి 218లోనే తిరిగేవాణ్ణి. బస్సులో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. కండక్టర్ చేతిలో టికెట్ల ట్రే, వేళ్ల మధ్య మడిచిన నోట్లు. అంత రద్దీలోనూ ఎవరు టికెట్ తీసుకున్నారో, ఎవరు తీసుకోలేదో ఆయనకు తెలిసిపోయేది. హైదరాబాద్ సిటీ డిపోల్లో పనిచేసి రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు ఇక్కడుంటే దయచేసి చెప్పండి. ఆ లెక్క ఎలా తేలేది?

రిటైర్డ్ కండక్టర్, మియాపూర్:

బాబూ, నా సర్వీసులో ఎక్కువ భాగం 218 మీదే గడిచింది. చెప్తాను.

ట్రేలో ఒక్కో రేటుకి ఒక్కో బ్లాకు ఉండేది. ప్రతి టికెట్ మీదా వరస నెంబరు. డ్యూటీ ఎక్కేముందు ఆ నెంబర్లన్నీ వేబిల్లుతో, అంటే మనకిచ్చిన టికెట్ల లెక్క కాగితంతో, సరిచూసుకోవాలి. దారిలో స్టేజి, అంటే రేటు మారే స్టాపు, రాగానే ఏ రేటులో ఏ నెంబరు దాకా వచ్చామో ఎస్‌ఆర్ షీటులో రాయాలి. రెండు రూపాయల బ్లాకు అమీర్‌పేటలో 412 దగ్గరుండి, ఎర్రగడ్డ వచ్చేసరికి 437 అయిందనుకోండి, మధ్యలో 25 టికెట్లు కొట్టినట్టు. చెకింగ్ వాళ్లు ఎక్కగానే ముందు అడిగేది ఆ షీటే. అప్పట్లో టికెట్ లేని మనిషి దొరికితే అతనికి ఫైనుతో పోయేది, కండక్టర్ మీద కేసు రాసేవాళ్లు. ఆ టెన్షన్ ఇంటికెళ్లినా వదిలేది కాదు.

జిల్లా సర్వీసుల్లో 'ఇష్యూ అండ్ స్టార్ట్' అని ఉండేది. అందరికీ టికెట్లు ఇచ్చాకే బండి కదలాలి. సిటీలో అది కుదిరే పని కాదు. మైత్రీవనం దగ్గర కంప్యూటర్ కోర్సుల పిల్లలు గుంపుగా ఎక్కేవాళ్లు. వాళ్ల టికెట్లు పూర్తయ్యేలోపే ఎస్‌ఆర్ నగర్ వచ్చేసేది. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల షిఫ్టు వదిలితే ఇక ఫుట్‌బోర్డు కూడా కనపడదు.

ఎవరు తీసుకోలేదో ఎలా తెలుస్తుందన్నారు. అందరి ముఖాలూ గుర్తుంచుకోవడం ఎవరి వల్లా కాదు. ఈ స్టాపులో కొత్తగా ఎక్కినవాళ్లు ఎందరు, ఎక్కడ నిలబడ్డారు అన్నది చూసుకుంటే చాలు. వెనక డోరు నేను చూసుకునేవాణ్ణి. ఆడవాళ్లు ఎక్కే ముందు డోరు సంగతి మా డ్రైవరన్న చెప్పేవాడు. 'ముందు ఆరుగురు' అని ఒక్క కేక వేసేవాడు. ఆ ఆరు టికెట్లు తెగేదాకా నా మనసు అక్కడే ఉండేది. ఇద్దరం ఏళ్ల తరబడి ఒకే డ్యూటీలో తిరిగాం కాబట్టి అలా నడిచింది. జోడీ కుదరకపోతే ఎంత చురుకైన కండక్టరైనా ఆ రూటులో నెగ్గలేడు.

రద్దీలో ముందుకు వెళ్లడం సాధ్యం కాదు. 'ఆగే బఢో, ఆగే బఢో, జరగండమ్మా' అని గొంతు పోయేలా అరిచినా జరిగేది జానెడే. అందుకే డబ్బులు చేతులు మారుతూ వచ్చేవి. ముందు సీటులో ఉన్న ఆవిడ యాభై నోటు ఇస్తే అది పది పదిహేను చేతులు దాటి నా దగ్గరికి చేరేది. ఎవరు పంపారో, ఎక్కడికి వెళ్లాలో కూడా నోటితోనే చేతికో మాటగా వచ్చేది: 'ఒకటి లక్డీకాపూల్, పచ్చ చీర.' టికెట్టూ చిల్లరా మళ్లీ అదే దారిలో వెనక్కి వెళ్లేవి. అలా పంపిన డబ్బు మధ్యలో మాయమైందని నాకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. మన సిటీ జనం మీద నాకున్న గౌరవం అక్కడ పుట్టిందే.

చిల్లర లేకపోతే ఇద్దరికి కలిపి ఒక నోటిచ్చి 'దిగాక పంచుకోండి' అనేవాళ్లం. ముక్కూ మొహం తెలియని ఇద్దరు పాన్ డబ్బా దగ్గర నోటు మార్చుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లేవాళ్లు.

రిటైర్డ్ డ్రైవర్, సికింద్రాబాద్:

అన్నా, 'ముందు ఆరుగురు' అని చదవగానే నా గొంతే విన్నట్టుంది. ఎస్‌ఆర్ షీటు రాయడం పూర్తికాలేదంటే మా కండక్టర్ 'రైట్ రైట్' అనడంలోనే తేడా తెలిసేది. ఆ సాగదీత వినగానే నేను బండి నిదానంగా పోనిచ్చేవాణ్ణి. కాసేపు వెనకాల హారన్లు మోగినా పట్టించుకునేవాణ్ణి కాదు.

నేను 5కె తిప్పాను. అంతకుముందు సికింద్రాబాద్ నుంచి జూపార్కుకి వెళ్లే 7జెడ్ డబుల్ డెక్కర్ కూడా. పిల్లలు పైన ముందు సీటు కోసం పరుగెత్తుకుంటూ మెట్లెక్కేవాళ్లు. నా చూపు మాత్రం చెట్ల కొమ్మల మీదే. పైన నిండా జనం ఉంటే మలుపులో బండి ఒరుగుతున్నది సీటులోనే తెలుస్తుంది, అందుకే మలుపుకి చాలా ముందే స్పీడు తగ్గించాలి. పవర్ స్టీరింగ్ లేదు. ఎండాకాలం పక్కనే ఇంజన్ సెగ, ఎడమ కాలు క్లచ్ మీద నుంచి తీసే వీలుండదు. ఇప్పటికీ ఆ మోకాలికే నొప్పి. 2023లో ట్యాంక్‌బండ్ మీద ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు చూసి, ఆగి, స్టీరింగ్ దగ్గర కూర్చున్న కుర్రాడితో మాట్లాడి వచ్చాను. చాలా సంతోషమేసింది.

రిటైర్డ్ మహిళా కండక్టర్, ఉప్పల్:

నేను ట్రేతో మొదలుపెట్టి, టికెట్లు కొట్టే టిమ్స్ మిషన్‌తో దిగిపోయాను. మిషన్ వచ్చాక నెంబర్లు రాసే బాధ తప్పింది, నిజమే. కానీ మా కష్టం వేరు. చాలా చోట్ల చివరి స్టాపులో ఆడవాళ్లకు బాత్రూం ఉండేది కాదు. డ్యూటీ అంతా నీళ్లు తాగకుండా లాగిన రోజులున్నాయి. ఆ సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఫ్రీయే కదా, కండక్టర్‌కు పనేముంది అంటారు కొందరు. జీరో టికెట్ అయినా ఒక్కొక్కరికీ కొట్టాల్సిందే. ప్రభుత్వం ఆర్టీసీకి ఇవ్వాల్సిన డబ్బుకు ఆ టికెట్లే లెక్క.

ఎర్రగడ్డవాసి:

అందరికీ చాలా థ్యాంక్స్. చివరగా ఒకటి. రాత్రి డిపోలో డబ్బులు తక్కువ వస్తే?

రిటైర్డ్ కండక్టర్, మియాపూర్:

చివరి నెంబర్లలోంచి మొదటి నెంబర్లు తీసేసి, రేటుతో గుణిస్తే ఎంత కట్టాలో తేలుతుంది. తగ్గితే మన జేబులోంచి కట్టాలి. ఎక్కువొస్తే అదీ కట్టేయాలి, మనది కాదు. ఎవరి చిల్లరో బాకీపడి ఉంటాం. మర్నాడు అదే మనిషి ఎక్కి 'నిన్న మూడు రూపాయలు ఇవ్వాలి' అంటే జేబులోంచి తీసి ఇచ్చేవాణ్ణి. 218లో రోజూ వచ్చేవాళ్లు చాలామంది, అడగడానికి మొహమాటపడేవాళ్లు కాదు.