జగన్నాథుడు ఎవరివాడు? మా ఇంట్లో తగువు తెగలేదు, మీరేమంటారు

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్తే. చిన్న విషయమే గానీ వారం రోజులై బుర్రలోంచి పోవట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. మా పాప ఐదో తరగతి, బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. అనసర రోజుల్లో, అంటే స్నానపూర్ణిమ తర్వాత స్వామి దర్శనమివ్వని పదిహేను రోజుల్లో, జగన్నాథుడి గుడికి తీసుకెళ్తే దేవుడు కనపడలేదు, ఆ చోట బట్ట మీద వేసిన పటం పెట్టారు. స్నానం ఎక్కువై స్వామికి జ్వరమొచ్చింది తల్లీ అన్నాను. మరి మందు ఎవరిస్తారమ్మా అని అడిగీసింది. పూరీలో అయితే దైతపతులని ఉంటారు, కొండల్లో ఉండే సవర జాతి నాయకుడు విశ్వావసుడి వంశం వాళ్ళంటారు, ఈ పదిహేను రోజులూ స్వామి వాళ్ళ చేతిలోనే ఉంటాడు, పళ్ళూ కషాయాలూ వాళ్ళే పెడతారు అని నాకు తెలిసింది చెప్పాను.

ఇంటికొచ్చాక అదే మాట మా పెదనాన్న దగ్గర అందండీ, ఇంక చూడండి. సవరలేటి ఒడియా వాళ్ళేటి, కళింగనగరం అంటే మన శ్రీకాకుళం ముఖలింగమే, అక్కణ్ణించి ఏలిన చోడగంగే పన్నెండో శతాబ్దంలో పూరీ గుడి మొదలెట్టించాడు, కాబట్టి అది మన వాళ్ళు కట్టిందే అని ఆయన. పక్కింటి మౌసీ అప్పుడే పీటేసుకుని కూర్చుంది, కడితే కట్టారు, ఇన్ని వందల ఏళ్ళ నుంచి ఆయనకి ఏ భాషలో జోల పాడుతున్నారు, ఎవరి ఊళ్ళో ఆయన పేరు చెప్పకుండా పెళ్ళి జరగదు అని ఆవిడ. ఇద్దరూ గొంతు పెంచీసారు. కొండ మీంచి మాకు పనసపళ్ళు తెచ్చే సవర తాత ఒకాయన గుమ్మంలో కూర్చుని డబ్బుల కోసం చూస్తున్నాడు. ఆయన మెల్లిగా, ముందు మా కాడే ఉండేవోడు కదా అన్నాడు. అంతే, కావిడి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట తర్వాత ఎవ్వరూ ఏం మాట్లాడలేదు.

నా ప్రశ్న జగన్నాథుడి ఒక్కడి గురించే కాదు. ఒక దేవుడో ఒక ఆలోచనో ఒకళ్ళ దగ్గర్నించి ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళాక ఎవరిదవుతుంది? రూపం, పేరు, భాష అన్నీ మారిపోయాక కూడా అదేనా, లేక వేరేదా? పాపకి ఏం చెప్పాలో నిజంగా తెలియట్లేదు.

వంశధార ఒడ్డు, గుణుపురం

అమ్మా, మీ పెదనాన్నగారు ముఖలింగం పేరెత్తారు కాబట్టి అక్కణ్ణించే మొదలెడతాను. నేను ముప్పై ఏళ్ళు ఈ కొండల్లో బడి పంతులుగా చేశాను. ముఖలింగం స్థలపురాణం గుర్తుందా? సవర నాయకుడికి ఇద్దరు పెళ్ళాలు, ఇప్పపూల కోసం రోజూ తగువు, విసిగిపోయి ఆయన చెట్టే నరికేశాడు, ఆ మొదట్లోంచి శివుడు ముఖంతో కనపడ్డాడు. అందుకే ఆయన మధుకేశ్వరుడు, మధూకం అంటే ఇప్పే కదా. ఇప్పుడు పూరీ కథ పక్కన పెట్టి చూడండి. అక్కడా సవర నాయకుడే, జగన్నాథుడి మొదటి రూపమైన నీలమాధవుణ్ణి అడవిలో ఎవరికీ తెలీకుండా కొలుచుకుంటున్నాడు, రాజు మనిషి వెతుక్కుంటూ వచ్చాడు, చివరికి దేవుడు దుంగగా తేలాడు. శైవం గుడి ఒకటి, వైష్ణవం గుడి ఒకటి, రెండింట్లోనూ సవరవాడూ ఉన్నాడు, చెట్టూ ఉంది. రాజులు మారినా మతం మారినా కథలోంచి ఆ ఇద్దర్నీ తీసెయ్యడం ఎవరి వల్లా కాలేదు. మీ గుమ్మంలో ఆ తాత అన్నది ఇదే అనుకుంటాను నేను.

అయితే అటు నుంచి ఇటు రావడం కూడా ఉందమ్మా, దాని గురించి ఎవరూ చెప్పరు. సవర భాషకి ముందు రాత లేదు. మీ ఊళ్ళోనే ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాష నేర్చుకుని, బడులు పెట్టి, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు, అది చాలా గొప్ప పని, నేను రోజూ దణ్ణం పెట్టుకునే మనిషి ఆయన. కానీ సవరలు తమ రాతని తామే తయారు చేసుకున్న సంగతి చూడండి. 1936లో, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన ఏడాదే, మంగేయి గొమాంగో అనే సవరాయన మరిచిగూడలో సొరాంగ్ సొంపెంగ్ లిపిని బయటపెట్టారు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికీ ఒక్కో సవర దేవత. ఆ అక్షరాలన్నీ ఓంకారం లాంటి రూపంలో అమర్చి ఉంటాయి, దాన్ని అక్షరబ్రహ్మ అని పూజ చేస్తారు, జగన్నాథుడే ఆ రూపంలో వచ్చాడంటారు.

ఏమైందో చూశారా? రాత అనేది కిందనించి, అంటే తెలుగు కరణాలూ ఒడియా కరణాలూ మిషనరీల పుస్తకాలూ మోసుకొచ్చిన వస్తువు. మనకి రాత అంటే పట్టా, బాకీ పత్రం, పరీక్ష. పాపం వాళ్ళకి కూడా ముందు అలాగే తగిలింది, వేలిముద్ర వేయించుకున్న కాగితంగా. దాన్ని తీసుకుని వాళ్ళు దేవుణ్ణి చేశారు, అందులో తమ దేవతల్ని కూర్చోబెట్టుకున్నారు. జగన్నాథుణ్ణి కూడా అలా వెనక్కి తెచ్చుకున్నారనే నాకనిపిస్తుంది. నేను మొదటిసారి మరిచిగూడలో ఆ అక్షరబ్రహ్మ గుడికెళ్ళినప్పుడు ఒక కుర్రాడు పలక మీద అక్షరం రాసి, దాన్ని తుడిచే ముందు కళ్ళకద్దుకున్నాడు. మా బళ్ళో ఒక్క పిల్లవాడూ అలా చెయ్యగా చూడలేదు నేను.

బరంపురం పట్టు

మాస్టారి పోస్టు రెండుసార్లు చదివాను. నేను డాన్స్ నేర్పిస్తాను కాబట్టి నా వైపు నుంచి ఒక్కటి. జయదేవుడి గీతగోవిందాన్ని మనవాళ్ళు అష్టపదులంటారు, భజనల్లో కర్ణాటక రాగాల్లో పాడతారు, కూచిపూడిలో చేస్తారు, కేరళలో గురువాయూర్లో గుడి మెట్ల పక్కన సోపానంగా పాడతారు, అదే సాహిత్యం ఇక్కడ ఒడిస్సీలో చేస్తే నడక వేరు, నడుము వేరు, ఊపిరి వేరు. పూరీ గుళ్ళో జయవిజయ ద్వారం దగ్గర ప్రతాపరుద్ర గజపతి 1499లో వేయించిన శాసనం ఉంది, భోగం వేళ గీతగోవిందం తప్ప ఇంకో పాట పాడకూడదు అని, అందులో నాట్యం చేసేవాళ్ళ లెక్క చెప్తూ తెలంగి బృందం అని కూడా ఉంది, అంటే పూరీ స్వామి ముందు తెలుగు ఆడవాళ్ళు జయదేవుడి పాటకి ఆడారు. ఆ మాట తెలిసిన రోజు నాకు ఏడుపొచ్చింది, నేను ఇక్కడ పుట్టి నువ్వు తెలుగుదానివి ఒడిస్సీ నీకెందుకు అని ఎన్నిసార్లు విన్నానో.

ఇంకోటి, దశావతారాల మొదటి అష్టపదిలో జయదేవుడు బుద్ధుణ్ణి కూడా అవతారంగా పెట్టాడు, యజ్ఞంలో పశువుల్ని చంపడం చూసి జాలిపడినవాడని. పదిహేనో శతాబ్దంలో సారళాదాసు ఒడియా మహాభారతంలో జగన్నాథుణ్ణే బుద్ధుడన్నాడు. ఎంత పెద్ద మనసు చూడండి, కాదన్నవాణ్ణి కూడా కలుపుకుపోయారు. ఆ చరణానికి నేను అభినయం పట్టేటప్పుడు చేతిలో దూడ ఉన్నట్టు పడతాను, పిల్లలు ఒక్కసారిగా మెత్తబడిపోతారు.

కొరాపుట్ కాఫీ

నాది వేరే అభిప్రాయం, ఏమీ అనుకోకండి. మారడం అని మనం అందంగా చెప్పుకుంటున్నాం గానీ సగం సార్లు అది పోవడమే. ధ్యానం చైనా వెళ్ళి చాన్ అయింది, జపాన్‌లో జెన్ అయింది, సరే, అక్కడి గురువులు దానికోసం జీవితాలు ధారపోశారు. బర్మాలో నిలబెట్టుకున్న విపశ్యన ధ్యానం 1969లో గురువు గోయెంకాగారి ద్వారా మళ్ళీ ఇండియాకి వచ్చింది, అదీ బానే ఉంది. కానీ అమెరికాలో 1979లో ఆసుపత్రి నొప్పులకి వైద్యంగా మొదలైన పద్ధతి తిరిగి తిరిగి మా ఆఫీసుకి వచ్చేసరికి ఏమైందంటే, శుక్రవారం సాయంత్రం ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకోండి, సోమవారం నుంచి ఇంకో రెండు గంటలు ఎక్కువ పని చెయ్యొచ్చు అని. బుద్ధుడు శీలం, సమాధి, ప్రజ్ఞ మూడూ కలిపి చెప్పాడు, మధ్యలోది ఒక్కటి కోసుకొచ్చి అమ్ముతున్నారు. దీన్ని ప్రయాణం అంటారా?

బల్లార్షా

నేను మహారాష్ట్ర దిక్కు, చంద్రపూర్ జిల్లా. మా నాయిన కరీంనగర్ కెళ్లి బొగ్గుబాయి పనికొచ్చిండు, నేను కాలనీలనే పుట్టిన. బరంపురం అక్కా, మీరు ప్రేమతోనే రాసిన్రు, నాకు తెలుస్తున్నది. కానీ ఆ కలుపుకపోవుడు మా ఇంట్ల ఇంకో తీరుగ వినబడ్తది, అది చెప్పాలె.

1956 అక్టోబర్ 14 నాడు నాగపూర్‌ల అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నడు, రెండు రోజులకు 16 నాడు మా చంద్రపూర్‌ల కూడ దీక్ష ఇచ్చిండు. ఇప్పటికి ఏడాదేడాది తెల్లబట్టలు కట్టుకొని జనం వస్తరు. ఆ దీక్షల చేయించిన 22 ప్రతిజ్ఞలల్ల ఒకటి, బుద్ధుడు విష్ణువు అవతారమంటే నేను నమ్మను, అది అబద్ధపు ప్రచారమని. ఎందుకు పెట్టిండు? ఎదురుగ నిలబడి ప్రశ్న అడిగినోన్ని లోపలికి తీసుకపోయి పది అవతారాలల్ల తొమ్మిదో బొమ్మ చేసి కూసోబెడితే, బొమ్మ ఉంటది గని ప్రశ్న పోతది. అంబేడ్కర్ బొమ్మను ఇడిశిపెట్టి ప్రశ్నను ఎనుకకు తెచ్చుకున్నడు.

కొరాపుట్ అన్నకు కూడ ఇండ్లనే జవాబున్నది అనుకుంట. అంబేడ్కర్ కూడ ఉన్నదున్నట్టు తీసుకోలే, మస్తు మార్చిండు. సిద్ధార్థుడు ముసలోన్ని, రోగిని, శవాన్ని చూసి ఇల్లు ఇడిశిండని మనకు చెప్తరు గద, 29 ఏండ్లొచ్చేదాక అవి చూడకుండ ఎట్లుంటడని అడిగి, శాక్యులకు కోలియులకు రోహిణి నది నీళ్ల కాడ లొల్లయితే యుద్ధం వద్దన్నందుకు ఇల్లు ఇడవాల్సొచ్చిందని రాసిండు. ఆయన కొలంబియాల చదువుకున్నప్పటి గురువు జాన్ డ్యూయీ, ప్రజాస్వామ్యమంటే ఓట్లు గాదు, కలిసి బతికే తీరు అని చెప్పినాయన. ఆ మాట 1936ల కులనిర్మూలన పుస్తకంల కనబడ్తది, కానీ అమెరికాల డ్యూయీకి బడి యాదికుంటే ఈడ అంబేడ్కర్‌కు ఊరి బయటి వాడ యాదికున్నది. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం నేను ఫ్రాన్స్ విప్లవం కెళ్లి తెచ్చుకోలే, నా గురువు బుద్ధుని కాడ తీసుకున్న అని 1954ల రేడియోల అంబేడ్కర్ చెప్పిండు. అయితే ఇది పోవుడా, వచ్చుడా? నా లెక్క ఏందంటే, ఎంత మారింది అన్నది గాదు చూడాల్సింది, మార్చినోని చేతుల అప్పటికి ఏమున్నది, మారినంక ఎవని నడుము నిలబడ్డది అన్నది చూడాలె. మీ ఆఫీసుల ధ్యానం ఎవని నడుము నిలబెట్టిందో మీరే చెప్పిన్రు.

మా అమ్మ ముచ్చట ఒకటి. ఇత్తడి బగోనె ఒకటున్నది మా ఇంట్ల, మా నాయనమ్మ ఊరికెళ్లి తెచ్చుకున్నది, పోచమ్మ బోనానికి అండ్లనే అన్నం వండేదట. ఇప్పుడు మా అమ్మ బుద్ధపౌర్ణమికి అదే బగోనెల పాయసం వండి కాలనీల పంచుతది, సుజాత బుద్ధునికి పెట్టిన ఖీర్ అని. వేరే గిన్నె తీసుకోరాదా అని నేనంటే, ఇది అలవాటైన గిన్నె బిడ్డా, మాడది అన్నది. బోనం మాత్రం మళ్ల చెయ్యలే.

బరంపురం పట్టు

తమ్ముడూ, మీరు చెప్పింది చదివి రాత్రంతా ఆలోచించాను. ఆ చరణం నేను పిల్లలకి నేర్పడం మానను, అది నా ప్రాణం. కానీ ఇన్నేళ్ళూ కలుపుకున్నారు అని ఒక్క మాటతో వదిలేసేదాన్ని, యజ్ఞాన్ని నిందించాడు అనే మాట ఆ చరణంలోనే ముందు ఉంది, దాని మీద నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు, సరాసరి దూడ దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి అక్కడ ఆగుతాను. వేలు ఎత్తి అడుగుతున్నట్టు పట్టాలి, ఎలా పట్టాలో ఇంకా తేలలేదు.

వంశధార ఒడ్డు, గుణుపురం

బల్లార్షా బాబూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. మీరన్న కొలబద్ద సవరల మీద పెట్టి చూస్తే నాకో ముల్లు గుచ్చుకుంది. పూరీలో దైతపతులకి పదిహేను రోజులు స్వామి చేతికొస్తాడు, సరే, మరి ఇక్కడ కొండ మీద సవరకి ఏం చేతికొచ్చింది? నేను రాసిన మొదటి పోస్టులో కథలోంచి వాణ్ణి తీసెయ్యలేకపోయారు అని గొప్పగా రాశాను. కథలో ఉండడం వేరు, గుమ్మంలో కూర్చుని డబ్బుల కోసం చూడ్డం వేరు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. అన్నీ ప్రింటు తీసి మా పెదనాన్నకి చదివి వినిపించాను, ముఖలింగం కథలో సవరవాడు ఉన్నాడన్న చోట ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మా అమ్మ కూడా చెప్పేది అన్నారు, మళ్ళీ చోడగంగ దగ్గరికి వెళ్ళలేదు.

పాప మాత్రం ఎవరిది అన్న మాట మీద ఆగలేదండీ. పనస తాతకి ఆ కథ పూర్తిగా వచ్చేమో అడుగుదాం అంటోంది. నిన్న ఆయన వచ్చాడు. గుమ్మంలో కాదు, లోపల వసారాలో చాప వేశాను, టీ ఇచ్చాను. కథ చెప్పమంటే సిగ్గుపడ్డాడు, మా ఊళ్ళో ముసలమ్మకి బాగా వచ్చు, రండి అన్నాడు. ఆదివారం వెళ్తున్నాం, పెదనాన్న కూడా వస్తానన్నారు, దారిలో ముఖలింగం చూసుకుని. మాస్టారూ, మరిచిగూడ కూడా వెళ్ళాలని ఉంది, గుణుపురం నుంచి ఆటోలు దొరుకుతాయా?

వంశధార ఒడ్డు, గుణుపురం

ముఖలింగం ఒక దిక్కు, మరిచిగూడ ఒక దిక్కు తల్లీ, ఒక్కరోజులో అవ్వదు. ముందు ముసలమ్మ దగ్గరికి వెళ్ళిరండి. మరిచిగూడకి వచ్చే రోజు చెప్తే గుణుపురం బస్టాండులో నేనుంటాను, పాపకి పలక తెమ్మనండి.