‘డిస్క్ ఖాళీ చేయండి’ అనవచ్చా?

కంప్యూటర్ వాడేవాళ్ళ కోసం తెలుగులో ఒక సహాయ పాఠం రాస్తున్నాను. పేరుకుపోయిన టెంపరరీ ఫైళ్ళు తీసేసి డిస్క్‌లో చోటు ఎలా సంపాదించుకోవాలో అందులో చెప్పాలి. మొదటి రెండు వాక్యాలు ఇలా రాశాను: “మీ డిస్క్ ఖాళీ చేయండి. మిగిలిన తాత్కాలిక ఫైళ్ళను తుడిచివేయండి.” చదువుతుంటే ఏదో తేడాగా ఉంది, కానీ తప్పెక్కడో పట్టుకోలేకపోతున్నాను. పెద్దలు చూసి చెప్పండి.

జవాబు

రెండు వాక్యాలూ మార్చాలండి. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ వాటిని నమ్మి పని చేసేవాళ్ళు తమ ఫైళ్ళు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

‘ఖాళీ’ మనకు రెండు పనులు చేస్తుంది. ‘గదిలో ఖాళీ చేయి’ అంటే కాస్త జాగా ఇవ్వమని. ‘గది ఖాళీ చేయి’ అంటే సామానంతా ఎత్తుకుని బయటికి వెళ్ళమని. రెండింటికీ తేడా ఒక్క ‘లో’. మీ వాక్యంలో ఆ ‘లో’ లేదు. పైగా ప్రాణం లేని వస్తువుల పేర్లకు ద్వితీయా విభక్తి ‘ను’ చేర్చకుండా వదిలేయడం మన భాషకు సహజం. అన్నం తిన్నాడు, చెట్టు నరికాడు అంటాం కదా. అందుకే ‘డిస్క్ ఖాళీ చేయండి’ అనగానే తెలుగు చెవికి ‘డిస్క్‌ను ఖాళీ చేయండి’ అనే వినిపిస్తుంది. అంటే ఉన్నదంతా తీసేయమని. డిస్క్‌ను ఫార్మాట్ చేయమని చెప్పాల్సిన చోట రాయవలసిన వాక్యం అది.

‘డిస్క్‌లో ఖాళీ చేయండి’ అంటే అర్థం సరిపోతుంది. కానీ టైపు చేసేటప్పుడు ‘లో’ జారిపోతే మళ్ళీ అదే ప్రమాదం. నా మాట వింటే ‘డిస్క్‌లో చోటు చేయండి’ అని రాయండి. ‘డిస్క్‌ను చోటు చేయండి’ అని ఎవరూ అనరు, అనలేరు కూడా. ఒక అక్షరం పోయినా ఈ మాట అర్థాన్ని అటు పోనివ్వదు.

జవాబు

మాస్టారూ, ‘చోటు చేయండి’ బాగుంది. కానీ పత్రికల్లో ‘సంఘటన చోటు చేసుకుంది’ అని చదివి చదివి అలవాటైపోయింది కదా, తికమక రాదా? ‘స్పేస్ పెంచుకోండి’ అనేస్తే సులువు కదండీ?

జవాబు

తికమక రాదండి. జరగడం అనే అర్థం ‘చేసుకొను’ ఉన్నప్పుడే వస్తుంది, అదీ సంఘటనో ప్రమాదమో కర్తగా ఉంటేనే. మనిషికి చెప్పే మాటలో ఆ అర్థం తట్టదు. ‘స్పేస్’ అనడానికి నాకు అభ్యంతరం లేదు, అందరికీ తెలిసిన మాటే. ‘పెంచుకోండి’ మాత్రం వద్దు. డిస్క్ సైజు పెరగదు, ఉన్నదాంట్లోనే కొంత తెరిపి దొరుకుతుంది.

ఇక రెండో వాక్యం. అసలు భయం ఇక్కడే ఉంది. ‘మిగిలిన ఫైళ్ళు’ అంటే చాలామందికి ‘తక్కిన ఫైళ్ళన్నీ’ అని తోస్తుంది. మిగిలినవాళ్ళు ఏరీ, మిగిలిన డబ్బు ఇవ్వు అంటాం కదా, ఆ అర్థంలో. మీరు చెప్పాలనుకున్నది ‘మిగిలిపోయిన’. ‘పో’ చేరగానే పని అయిపోయాక వెనక పడి ఉన్నవి అనే అర్థం స్థిరపడుతుంది. టెంపరరీ ఫైళ్ళ సంగతి కూడా అదే. ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపు అవి దానికి కావాలి. ముగిసేటప్పుడు మామూలుగా తనవి తనే తీసేసుకుంటుంది. మధ్యలో ఆగిపోయినా, కరెంటు పోయినా అవి అలాగే ఉండిపోతాయి. మనం తీయవలసినవి వాటినే. విండోస్‌లో ఫైళ్ళు శుభ్రం చేసే ‘డిస్క్ క్లీనప్’ అనే ప్రోగ్రామ్ కూడా వారం పైగా మార్పు జరగని టెంపరరీ ఫైళ్ళను తీసేయవచ్చనే చెబుతుంది.

ఇదే కారణంతో ‘చెత్త ఫైళ్ళు’, ‘పనికిరాని ఫైళ్ళు’ అన్న మాటలు కూడా ఈ పాఠంలోకి రానివ్వకండి. చెత్త అనగానే టెంప్ ఫోల్డర్‌లో కనిపించిందల్లా తీసేయాలనిపిస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కుతున్నప్పుడు దాని సామగ్రి అక్కడే ఉండవచ్చు. సేవ్ చేయని పని తాలూకు ఫైలూ ఉండవచ్చు. తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ మూసేసి, వీలైతే ఒకసారి రీస్టార్ట్ చేసి, ఆ తర్వాత తీయమని రాయండి. ‘ఈ ఫైలు వాడుకలో ఉంది’ అని వస్తే బలవంతం చేయకుండా దాన్ని వదిలేయమనండి.

జవాబు

‘తాత్కాలిక’ విషయంలో ఒక చిన్న మాట. తత్కాలం అంటే ఆ సమయం. ఎంత సమయం అన్నది ఆ పదంలో లేదు. విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్‌లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ‘టెంప్’ అనే అర్థంలోనే రెండు ఫోల్డర్లు ఉంటాయి. ఫోల్డర్లన్నింటికీ మూలమైన రూట్‌లో నేరుగా ఉన్న ‘టీఎంపీ’ (/tmp) చాలా సిస్టమ్‌లలో రీస్టార్ట్ కాగానే ఖాళీ అవుతుంది. ‘వార్’ అనే ఫోల్డర్ లోపల ఉన్న ‘టీఎంపీ’ (/var/tmp)లోవి రీస్టార్ట్ తర్వాత కూడా నిలవాలని నియమం. రెండింటినీ తాత్కాలికం అని ఒకే గాటన కట్టకుండా, ఎంతకాలం ఉంటాయో పక్కనే రాయడం మంచిది.

జవాబు

బాగా చెప్పారు. అది తప్పక చేర్చాలి.

‘తుడిచివేయండి’ గురించి కూడా చెప్పి ముగిస్తాను. తుడిస్తే ఆనవాలు మిగలదు. మామూలుగా డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళుతుంది. అది అక్కడ ఉన్నంతకాలం డిస్క్‌లో చోటు రాదు. ఇన్ని ఫైళ్ళు తీసేసినా చోటు పెరగలేదేమని చాలామంది టెన్షన్ పడేది ఇందుకే. ‘తొలగించు’ ఇక్కడ చక్కగా సరిపోతుంది. తొలగడం అంటే పక్కకు జరగడం కదా, తొలగించడం అంటే పక్కకు జరపడం. కాబట్టి ‘తొలగించండి’ అని రాసి, తర్వాతి వాక్యంలో ‘అక్కర్లేదని నిర్ధారించుకున్నాక రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేయండి’ అని రాయండి. ఈ ఒక్కచోట ‘ను ఖాళీ చేయండి’ అన్నదే సరైన మాట, ఎందుకంటే అక్కడ ఉన్నదంతా పోవాలి.

విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అని వెళితే వచ్చే జాబితా గురించి ఒక హెచ్చరిక పెట్టండి. అందులో ‘డౌన్‌లోడ్స్’ కూడా కనిపిస్తుంది. అది మనం దించుకున్న ఫైళ్ళ ఫోల్డర్, తాత్కాలికం కానే కాదు. దానికి టిక్ పెట్టవద్దని విడిగా చెప్పాలి. పాత విండోస్ ఇన్‌స్టలేషన్ అనేది ఉంటే, దాన్ని తీసేశాక వెనకటి వెర్షన్‌కు తిరిగి వెళ్ళలేరని కూడా రాయండి.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: “మీ డిస్క్‌లో చోటు చేయండి. ముందుగా తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ మూసేయండి. పని అయ్యాక మిగిలిపోయిన తాత్కాలిక ఫైళ్ళను మాత్రమే తొలగించండి.” ‘మాత్రమే’ ఎక్కువైందంటారా?

జవాబు

ఉండనివ్వండి. ఈ వాక్యంలో అది ఉండాల్సిందే.